మోకాలి నొప్పికి విశ్రాంతి ఒక్కటే చాలదు: ఎదిగే వయసు ఆటగాళ్ళకు వ్యాయామ చికిత్స

సార్వా కోతలు పూర్తయిన దగ్గరనుంచి సంక్రాంతి దాటేవరకు గోదావరి డెల్టా ఊళ్ళలో ఆటలకు తీరిక ఉండదు. ఖాళీ అయిన చేలల్లోనూ హైస్కూలు మైదానాల్లోనూ కబడ్డీ గీతలు పడతాయి, కొబ్బరిచెట్ల మధ్య వాలీబాల్ నెట్లు వెలుస్తాయి. అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డబుల్స్ స్వర్ణం గెలిచాక పిల్లలను షటిల్ కోర్టులో చేర్పించే తండ్రికి చెప్పుకోవడానికి మనూరి పేరు ఒకటి దొరికింది. ఏటిగట్ల మీద తెల్లవారకముందే పోలీసు, సైన్యం ఉద్యోగాలకు సిద్ధమయ్యే కుర్రాళ్ళ పరుగులు సరేసరి. మోకాలు పట్టుకుని గట్టున కూర్చునే పిల్లలు ఎక్కువగా కనిపించేది కూడా ఈ నెలల్లోనే.

అలా కూర్చున్న పిల్లవాడికి సాధారణంగా మూడు సమాధానాలు దొరుకుతాయి. ఇంట్లోవాళ్ళు నెల రోజులు ఆట మానేయమంటారు. పీఈటీ మాస్టారు స్ట్రెచింగ్ సరిగా చేయడంలేదంటారు. ఎక్స్‌రే తీయించాక, అందులో ఏమీ లేదు కాబట్టి నొప్పి కూడా లేనట్టేనని మరొకరు తేలుస్తారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, మూడూ కలిసినా పూర్తి సమాధానం కాదు. ఎదిగే వయసు మోకాలికి వచ్చే నొప్పుల్లో అధిక భాగం, ఒక కణజాలం మోయగలిగినదానికన్నా దానిమీద పడే భారం హఠాత్తుగా పెరగడంవల్ల వచ్చేవే. కాబట్టి చికిత్సలో రెండు పనులు ఉంటాయి: ఆ భారాన్ని కొంతకాలం తగ్గించడం, ఆ వ్యవధిలో మోసే శక్తిని పెంచడం. విశ్రాంతి మొదటి పనిని మాత్రమే చేస్తుంది. స్ట్రెచింగ్ ఈ రెంటిలో దేన్నీ పూర్తిగా చేయదు. రెండో పనికి కండరాలను బలపరిచే వ్యాయామం తప్ప దగ్గరిదారి లేదు.

వేలితో చూపించే నొప్పి, అరచేత్తో చూపించే నొప్పి

మోకాలి ముందుభాగపు నిర్మాణం ఒకే వరుసలో ఉంటుంది. తొడ ముందున్న పెద్ద కండరం కిందికి దిగి మోకాలి చిప్పను పట్టుకుంటుంది. చిప్ప కింది అంచునుంచి టెండన్ అనే గట్టి పట్టీ బయలుదేరి, ముంగాలి ఎముక పైభాగాన ఉన్న చిన్న బొడిపెకు అతుక్కుంటుంది. గెంతినా, నేలమీద దిగినా, పరుగులో ఒక్కసారిగా ఆగినా ఈ వరుస మొత్తం బిగుసుకుని శరీరపు బరువుకు ఎన్నో రెట్ల బలాన్ని మోస్తుంది. ఆ వరుసలో ఏ చోటు ముందుగా అలిసిపోతుందన్నది చాలావరకు వయసునుబట్టి ఉంటుంది.

పదేళ్ళనుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లల్లో ఆ బొడిపె ఇంకా పూర్తి ఎముకగా మారదు. దానికీ ప్రధాన ఎముకకూ మధ్య ఎదుగుదల పలక ఉంటుంది. అది మృదులాస్థి కాబట్టి పెద్దవారి ఎముకంత గట్టిగా ఉండదు. టెండన్ పదేపదే లాగేసరికి అక్కడే వాపు, నొప్పి మొదలై, కొన్నాళ్ళకు బొడిపె బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. 1903లో అమెరికాలో రాబర్ట్ ఆస్‌గుడ్, స్విట్జర్లాండ్‌లో కార్ల్ ష్లాటర్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని వర్ణించారు కనుక వైద్యులు ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. ఇదే తరహా లాగుడు చిప్ప కింది కొసన జరిగితే, కొంచెం చిన్న వయసులోనే, అక్కడ నొప్పి వస్తుంది. ఎదుగుదల పలకలు మూసుకుపోయాక, అంటే పదహారు పదిహేడేళ్ళు దాటాక, అదే కొసన వచ్చే నొప్పి చాలావరకు టెండన్‌దే అవుతుంది. దానికి ‘జంపర్స్ నీ’, అంటే గెంతేవారి మోకాలు, అనే పేరు ఊరికే రాలేదు. వాలీబాల్ ఆటగాళ్ళలో అది అంత సాధారణం.

ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. ఎక్కడ నొప్పి అని అడిగితే పిల్లవాడు చూపుడువేలు తీసుకెళ్ళి ఒకే చోట పెడతాడు. అలా కాకుండా అరచేతిని చిప్పమీద మొత్తంగా ఆన్చి, ‘ఇక్కడే, లోపలెక్కడో’ అని చెబితే ఆలోచన మరోవైపు నడవాలి. చిప్పకూ దాని వెనకనున్న తొడ ఎముకకూ మధ్య ఒత్తిడి పెరగడంవల్ల వచ్చే ఈ నొప్పి ఆటలాడే అమ్మాయిల్లో అబ్బాయిలకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రేవు మెట్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు బాధిస్తుంది. బస్సులో మోకాళ్ళు ముడుచుకుని చాలాసేపు కూర్చున్నా, బాసింపట్టు వేసుకుని ట్యూషన్‌లో గంటన్నర గడిపినా లేవగానే పట్టేసినట్టుంటుంది. ఆట ఆడనప్పుడు కూడా నొప్పి రావడంతో ఇది నటన అని పెద్దలు అనుమానించే ప్రమాదం ఉంది.

ఎక్స్‌రేలో ఏముందన్న ప్రశ్నకు ఈ నొప్పులన్నింటి విషయంలోనూ పరిమితమైన విలువే ఉంది. ఆస్‌గుడ్-ష్లాటర్‌ను వైద్యులు ప్రధానంగా చేత్తో తాకి, చరిత్ర అడిగి నిర్ధారిస్తారు. ఎక్స్‌రేలో బొడిపె ముక్కలుగా కనిపించి, ఎముక విరిగిందేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడటం తరచు జరిగేదే. చిప్ప వెనకనొప్పిలో ఎక్స్‌రే చాలావరకు మామూలుగానే ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్లకు ‘గుజ్జు అరిగిపోయింది’ అనే మాట చెప్పడం దారుణమని నా అభిప్రాయం. నాయనమ్మ మోకాళ్ళ అరుగుదలతో దీన్ని ముడిపెట్టడం తప్పు. ఆ మాట విన్న పిల్ల కాలుమీద నమ్మకం పోగొట్టుకుని కదలడమే తగ్గించుకుంటుంది, కండరం ఇంకా బలహీనపడుతుంది. కాల్షియం బిళ్ళలు కూడా ఈ నొప్పులకు మందు కావు.

ఎదుగుదల వేగాన్ని కనిపెట్టి ఉండటం మాత్రం ఎక్స్‌రేకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆడపిల్లలు సుమారు పన్నెండేళ్ళ ప్రాంతంలో, మగపిల్లలు సుమారు పద్నాలుగేళ్ళ ప్రాంతంలో అత్యంత వేగంగా పొడుగెదుగుతారు. ఆ ఏడాదిలో 8 నుంచి 10 సెంటీమీటర్ల వరకు పెరగడం మామూలే. మూడు నెలలకోసారి గుమ్మం పక్కన గోడమీద పెన్సిలు గీత గీస్తే చాలు, పిల్లవాడు ఏ దశలో ఉన్నాడో తెలిసిపోతుంది. గీతలు హఠాత్తుగా దూరమవుతున్న నెలల్లో గెంతుళ్ళ సాధనను పెంచకుండా ఆపడం వివేకం.

ముందుగా పక్కన పెట్టవలసినవి

వ్యాయామంతో తగ్గే నొప్పుల గురించి మాట్లాడుకునే ముందు, వ్యాయామం జోలికి పోకూడనివి కొన్ని ఉన్నాయి. అన్నింటికన్నా మోసపుచ్చేది తుంటి. పది, పదహారేళ్ళ మధ్య, ముఖ్యంగా కొంచెం బరువున్న పిల్లల్లో, తొడ ఎముక తల దాని ఎదుగుదల పలక దగ్గర జారిపోతుంది. విచిత్రమేమిటంటే పిల్లవాడు తుంటి ఊసెత్తడు. తొడ, మోకాలు నొప్పంటాడు, కుంటుతాడు, నడిచేటప్పుడు ఆ పాదం బయటికి తిరిగి ఉంటుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే అంతా బాగానే ఉంటుంది, ఎందుకంటే తీయవలసింది తుంటికి. ఇది తేలిన క్షణంనుంచి ఆ కాలిమీద బరువు వేయకూడదు, శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఇలాంటి కాలిని మర్దన పేరుతో లాగడం, తిప్పడం ఎంత నష్టం చేస్తాయో చెప్పనక్కరలేదు. అందుకే కుంటుతూ వచ్చిన పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి తుంటిని లోపలికి తిప్పి చూడకుండా మోకాలి వైద్యం మొదలుపెట్టే వారిని ప్రశ్నించే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, ఆటతో సంబంధం లేకుండా వారం వారం పెరిగే వాపు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం పనికిరాదు. ఎదిగే వయసులో వచ్చే ఎముక క్యాన్సర్ ఎక్కువగా మోకాలి చుట్టూనే వస్తుంది. అరుదైనదే అయినా ఆ అరుదు మన ఇంటికి రాదని ఎవరూ చెప్పలేరు. కబడ్డీలో పట్టు విడిపించుకుంటూ మెలిక తిరిగినప్పుడు ‘టప్’మని వినిపించి, కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బితే లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగి ఉండవచ్చు. వంగిన మోకాలు చాపడానికి రాకుండా ఇరుక్కుపోవడం కూడా ఎముకల వైద్యుడు చూడవలసిన లక్షణమే. ఇవేవీ లేవని తేలాక మిగిలే పిల్లలే ఎక్కువమంది, ఇక్కడినుంచి చెప్పేదంతా వారి గురించే.

స్ట్రెచింగ్ చేయగలిగేది ఎంత?

ఆటకు ముందు వరుసలో నిలబడి, కాలు చాచి, బొటనవేలు పట్టుకుని ఇరవై లెక్కపెట్టడం మన బడుల్లో తరాలుగా వస్తున్న అలవాటు. గాయాలు రాకుండా అది కాపాడుతుందన్నది అంతే పాత నమ్మకం. 2000లో ప్రచురితమైన ఆస్ట్రేలియా సైన్యపు అధ్యయనం ఈ నమ్మకాన్ని నేరుగా పరీక్షించింది. కొత్తగా చేరిన 1,538 మందిని రెండుగా విభజించి, 12 వారాల శిక్షణలో ఒక వర్గంచేత ప్రతి సాధనకూ ముందు కాళ్ళ కండరాలన్నీ సాగదీయించి, రెండో వర్గానికి అది లేకుండా చేస్తే, గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గాయాలను ముందుగా సూచించినది అభ్యర్థి శారీరక దారుఢ్యం. చేరిననాటికి పరుగు సామర్థ్యం తక్కువగా ఉన్నవారే ఎక్కువగా దెబ్బతిన్నారు. నోటిఫికేషన్ వెలువడ్డాక 1600 మీటర్ల పరుగును 8 నిమిషాల్లో ముగించాలని హఠాత్తుగా సిమెంటు రోడ్డెక్కే మన కానిస్టేబుల్ అభ్యర్థులు గుర్తుపెట్టుకోవలసిన ఫలితం ఇది. వారికి కావలసింది నెలల తరబడి మెల్లగా పెంచుకున్న పరుగు, పరుగుకు ముందు పది నిమిషాల సాగదీత దాని లోటు తీర్చదు.

పైగా ఒకే భంగిమలో నిమిషానికి మించి కండరాన్ని లాగి ఉంచితే, ఆ తరువాత కొంతసేపు దాని బలం, గెంతే శక్తి కొద్దిగా తగ్గుతాయి. అందుచేత ఆటకు ముందు కదలికతో కూడిన సన్నాహమే మేలు. నెమ్మదిగా పరుగు, మోకాళ్ళు ఎత్తి నడక, మడమలు పిరుదులకు తాకేలా పరుగు, పెద్ద అంగలు వేస్తూ కిందికి వంగడం, పక్కలకు జరగడం, చివర నాలుగైదు తేలికపాటి గెంతులు అన్నీ కలిపి పది, పదిహేను నిమిషాలు సరిపోతుంది.

అయితే స్ట్రెచింగ్‌కు అసలు చోటే లేదనడం మరో అతి. వేగంగా పొడుగెదిగే నెలల్లో తొడ ముందు, వెనక కండరాలు, పిక్క బిగుసుకుని ఉండే పిల్లలు చాలామంది. పిక్క బిగుతుగా ఉంటే చీలమండ సరిగా వంగదు, గెంతి దిగినప్పుడు అది మింగుకోవలసిన అదురు మోకాలికి చేరుతుంది. గోడకు రెండు చేతులూ ఆన్చి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలను వదలకుండా ముందుకు వాలడం దీనికి సరైన సాధనం. 30 సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు, ఆట అయ్యాక లేదా సాయంత్రం స్నానం తరువాత చేస్తే చాలు. తొడ ముందు కండరం విషయంలోనే జాగ్రత్త కావాలి. మడమను చేత్తో పట్టి పిరుదుకు గట్టిగా ఆన్చే భంగిమ బొడిపె నొప్పితో ఉన్న పిల్లవాడికి మేలుకన్నా కీడు చేయవచ్చు, ఎందుకంటే అది లాగేది సరిగ్గా నొప్పి ఉన్న చోటునే. అలాంటప్పుడు పక్కకు తిరిగి పడుకుని, బొడిపె దగ్గర లాగినట్టు అనిపించని మేరకే మడమను వెనక్కి తేవాలి. కొన్ని వారాలు అసలు మానేసినా నష్టం లేదు.

గోడకుర్చీ, గుంజీలు

బలం పెంచే వ్యాయామాలనగానే యంత్రాలున్న జిమ్ గుర్తుకొస్తుంది. మండల కేంద్రానికి దూరంగా ఉన్న లంక గ్రామాల పిల్లవాడికి అది అందే వస్తువు కాదు, అందకపోయినా ఇబ్బంది లేదు. హోంవర్కు చేయని పిల్లలకు బడిలో వేసే రెండు శిక్షలు, గోడకుర్చీ, గుంజీలు, చిన్న మార్పులతో ఈ చికిత్సకు వెన్నెముకగా నిలుస్తాయి.

గోడకుర్చీలో మోకాలు కదలదు, కండరం మాత్రం బిగిసి పనిచేస్తుంది. నొప్పి మంటమీద ఉన్న తొలి వారాల్లో ఇలాంటి కదలని బిగింపే భరించడానికి వీలుగా ఉంటుంది. 2015లో ఆస్ట్రేలియాలో టెండన్ నొప్పి ఉన్న ఆరుగురు వాలీబాల్ ఆటగాళ్ళచేత, యంత్రంపై 45 సెకన్ల చొప్పున ఐదుసార్లు ఇలాంటి బిగింపు చేయిస్తే వెంటనే నొప్పి తగ్గి, కనీసం 45 నిమిషాలపాటు అలాగే ఉంది. ఆరుగురి ఫలితం అందరికీ వర్తించదు. తరువాతి పరిశోధనల్లో కొందరికి ఉపశమనం కలిగింది, కొందరికి కలగలేదు. అయినా ఖర్చులేని పని కనుక ప్రయత్నించి చూడటంలో తప్పులేదు. వీపు గోడకు ఆన్చి, పాదాలు అడుగున్నర ముందుకు పెట్టి, శిక్షలో లాగా తొడలు నేలకు సమాంతరం అయ్యేదాకా దిగకుండా సగం దూరమే దిగాలి. 30 సెకన్లతో మొదలుపెట్టి 45కు చేరుకుని, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగుతూ నాలుగైదుసార్లు చేయాలి. చిప్ప వెనక నొప్పి ఉన్నవారు ఇంకా తక్కువ లోతులో ఆగాలి, మోకాలు ఎంత ముడిస్తే చిప్పమీద ఒత్తిడి అంత పెరుగుతుంది.

గుంజీల వంతు మూడు నాలుగు వారాల తరువాత. అయినవిల్లి వినాయకుడి ముందు చెవులు పట్టుకుని గబగబా తీసే గుంజీలకూ వీటికీ తేడా వేగంలో ఉంది. మూడు సెకన్లు దిగడం, మూడు సెకన్లు లేవడం, వెనకాల కుర్చీ పెట్టుకుని పిరుదులు దాన్ని తాకగానే పైకి రావడం. పదేసి చొప్పున మూడు విడతలు తేలికగా జరుగుతున్నాయంటే చేతిలో బరువు చేర్చుకోవాలి. పుస్తకాలు నింపిన స్కూలు సంచిని ఛాతీకి హత్తుకుంటే ఆ బరువు సిద్ధమే. ఆ తరువాతది ఒంటికాలి పని. అరుగుమీద ఒక కాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలను ముట్టేదాకా నెమ్మదిగా దిగి మళ్ళీ పైకి రావడం చూడటానికి తేలికే. అద్దం ముందు చేస్తేనో, స్నేహితుడు ఫోనులో వీడియో తీస్తేనో అసలు సంగతి బయటపడుతుంది. చాలామంది పిల్లల్లో, అమ్మాయిల్లో మరింతగా, దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగిపోతుంది. మోకాలు పాదపు రెండో వేలి దిక్కుగానే వంగాలి. అలా వంగకపోవడానికి తుంటి పక్క కండరాల బలహీనత ఒక ముఖ్య కారణం. కాబట్టి పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి నడుమును పైకి లేపడం కూడా చిట్టాలో చేరాలి. చిప్ప వెనక నొప్పికి మోకాలి వ్యాయామాలు, తుంటి వ్యాయామాలు కలిపి చేయడమే మంచిదని ప్రస్తుతం వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇవి రోజూ చేయవలసినవి కావు. గోడకుర్చీ లాంటి కదలని బిగింపులు రోజూ చేయవచ్చు గానీ, బరువుతో చేసే గుంజీలకు వారంలో మూడు రోజులు చాలు. మధ్య రోజుల్లో కండరం, టెండన్ కోలుకోవాలి. నారుమడికి నీరు పెట్టినట్టే ఇదీ: తక్కువైనా చెడుతుంది, ఎక్కువైనా చెడుతుంది, ఎంత చాలునో మర్నాడు పొద్దున్న చూస్తేగాని తెలియదు. ఆ చూడటానికి ఒక పద్ధతి ఉంది. నొప్పిని సున్నానుంచి పదివరకు లెక్కవేయమని పిల్లవాణ్ణి అడగాలి. వ్యాయామంలో మూడువరకు నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాడు ఉదయం నిద్రలేచి నాలుగు మెట్లు దిగినప్పుడు నొప్పి నిన్నటి స్థాయికే వచ్చి ఉంటే మోతాదు సరిపోయినట్టు. పెరిగి ఉంటే తరువాతి విడతలో లోతునో, బరువునో, సంఖ్యనో ఒక మెట్టు తగ్గించాలి, వ్యాయామాన్ని మానేయకూడదు. నొప్పి పూర్తిగా పోయేదాకా కదలనివ్వని తండ్రి, నొప్పి లెక్కచేయవద్దనే కోచ్ ఇద్దరూ ఈ చిన్న లెక్క దగ్గరే తప్పుతారు.

ఎన్నాళ్ళు పడుతుందన్నదానికి నిజాయితీగా చెప్పగల జవాబు వారాల్లో కాక నెలల్లో ఉంటుంది. డెన్మార్క్‌లో పదినుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఆస్‌గుడ్-ష్లాటర్ ఉన్న 51 మంది పిల్లలకు, మొదటి నాలుగు వారాలు ఆట తగ్గించి కదలని బిగింపులు, తరువాతి ఎనిమిది వారాలు క్రమంగా పెరిగే వ్యాయామాలు ఇచ్చి 2020లో ఫలితాలు ప్రకటించారు. 12 వారాలకు 80 శాతం మంది బాగుపడ్డామన్నారు, ఏడాదికి ఆ సంఖ్య 90 శాతానికి చేరింది. అయితే 12 వారాలకు పూర్తిగా ఆటలోకి తిరిగి వచ్చినవారు 16 శాతమే. ఏడాదికి 69 శాతం. వ్యాయామం చేయని పిల్లలతో పోల్చి చూసిన అధ్యయనం కాదు కనుక ఆ మెరుగుదలలో కాలానిది ఎంత, వ్యాయామానిది ఎంత అని విడదీయలేం. కానీ బాగుందని అనిపించడానికీ, మునుపటిలా ఆడటానికీ మధ్య అంత దూరం ఉందని తెలియడమే పెద్ద ఉపయోగం. అక్టోబరులో నొప్పి మొదలైన పిల్లవాణ్ణి సంక్రాంతి టోర్నమెంటుకు సిద్ధం చేస్తానని మాటిచ్చే పెద్దమనిషి ఈ అంకెలు చూడాలి.

ఎవరూ కూడని లెక్క

డెల్టాలో నేను చూసినంతలో ఈ నొప్పులకు అసలు మూలం వ్యాయామ లోపంకన్నా కూడిక లోపం. చురుకైన ఎనిమిదో తరగతి కుర్రవాడు పొద్దున్న పాఠశాల జట్టుకు, సాయంత్రం ఊరి జట్టుకు, ఆదివారం పక్క మండలంలోని శిబిరానికి ఆడతాడు. ఏ ఒక్కరి సాధనా మితిమీరి ఉండదు. మూడింటిలో కలిపి వాడు వారానికి ఎన్నిసార్లు గెంతుతున్నాడో మాత్రం ముగ్గురు మాస్టార్లలో ఎవరికీ తెలియదు. నొప్పి వస్తే ముగ్గురూ తలా కొంచెం తగ్గించనక్కరలేదు. ఒక చోట పూర్తిగా ఆపి, రెండో చోట గెంతులు లేని సాధన పెడితే భారం సగానికి దిగుతుంది. పిల్లవాడు మైదానానికి దూరం కాకపోవడం కూడా ఇక్కడ ముఖ్యమే, ఇంట్లో కూర్చోబెట్టిన వాడు పదో రోజు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పూర్తి మ్యాచ్ ఆడేస్తాడు.

ఆట తగ్గిన ఆ వారాల్లో దమ్ము తగ్గకుండా చూసుకోవడానికి ఈ సమతల ప్రాంతంలో సైకిలును మించినది లేదు. ఎత్తుపల్లాలంటే వంతెన ఎక్కుడు, ఏటిగట్టు వాలు తప్ప మరేమీ ఉండవు. కాకపోతే సీటు ఎత్తు చూసుకోవాలి. పెడల్ అట్టడుగుకు వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే ముడిచి ఉండాలి. నాలుగేళ్ళ కిందట కొన్న సైకిలుమీద, అప్పటి ఎత్తులోనే బిగించిన సీటుమీద తొక్కే పిల్లవాడి మోకాళ్ళు దాదాపు ఛాతీని తాకుతుంటాయి, దానివల్ల చిప్ప నొప్పి ఎక్కువవుతుంది.

నీక్యాప్, టేపు కొందరికి కొన్ని వారాలపాటు ఊరట ఇస్తాయి, అవి వేసుకుని వ్యాయామం చేయగలిగితే వాటి పని అవి చేసినట్టే. మ్యాచ్‌కు ముందు నొప్పి మాత్ర, స్ప్రే మాత్రం కణజాలం ఇచ్చే హెచ్చరికను మూసేసి భారాన్ని యథాతథంగా ఉంచుతాయి. ఎదుగుదల పలక దగ్గర, టెండన్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించమని ఎవరైనా సలహా ఇస్తే రెండో వైద్యుణ్ణి అడగకుండా ఒప్పుకోకూడదు.

ఆడపిల్లల కబడ్డీ, ఫుట్‌బాల్ జట్లకు ఇంకొక మాట. మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం ఒకే ఆటలో అబ్బాయిలకన్నా అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒంటికాలిమీద నిలకడ, గెంతి మెత్తగా దిగడం, తొడ వెనక కండరాల బలం, దిశ మార్చి పరుగు కలిపిన ఇరవై నిమిషాల సన్నాహాన్ని వారానికి రెండుసార్లు క్రమం తప్పక చేయిస్తే ఈ గాయాలు గణనీయంగా తగ్గుతాయని పలు దేశాల్లో తేలింది. ఫిఫా తయారుచేసిన 11 ప్లస్ అలాంటిదే, దానికి ప్రత్యేక పరికరాలేవీ అక్కరలేదు. ఒకసారి తెగి శస్త్రచికిత్స జరిగాక కనీసం తొమ్మిది నెలలు పోటీకి దూరంగా ఉండక తప్పదని తెలిస్తే, ఆ ఇరవై నిమిషాలు ఏ మాస్టారికీ బరువనిపించవు.

ఇక తిరిగి ఆటలోకి రావడానికి క్యాలెండరుకన్నా కాలు చెప్పేది నమ్మదగినది. మెట్లు దిగడం, అరుగు దిగడం నొప్పిలేకుండా జరగాలి. ఒంటికాలితో ముందుకు గెంతితే బాగున్న కాలు దూకే దూరంలో కనీసం 90 శాతం రావాలి, దిగినప్పుడు మోకాలు లోపలికి ఒరగకూడదు. వాలీబాల్ ఆడేవాడైతే మొదటి వారం పాసులు, సర్వీసు మాత్రమే. తరువాత లెక్కపెట్టి ఇరవై స్మాష్‌లు, ఒకరోజు విడిచి ఒకరోజు. మర్నాటి ఉదయపు మెట్లు సాఫీగా ఉంటేనే ముప్పై. మ్యాచ్‌లో మొదట ఒక్క సెట్టు, అది కూడా వెనక వరుసలో. కబడ్డీలో కూతకు వెళ్ళడం అన్నింటికన్నా చివర, ఎందుకంటే అక్కడ మెలిక, పట్టు, హఠాత్తుగా వెనుదిరగడం మూడూ పిల్లవాడి చేతిలో ఉండవు. ఎముక ఎదుగుదల పూర్తయ్యాక ఆస్‌గుడ్-ష్లాటర్ నొప్పి చాలామందిలో తగ్గిపోయినా బొడిపె మిగిలిపోతుంది. మోకాళ్ళమీద కూర్చున్నప్పుడు అది నేలకు ఒత్తుకుని కొంచెం ఇబ్బంది పెట్టవచ్చు. అప్పుడు కింద మడత పెట్టిన తువ్వాలు వేసుకుంటే సరిపోతుంది.